చింతపిక్కల దారి

మా నాయనమ్మ కథ మొదలుపెట్టిందంటే ఎవరో ఒకరు ఊ కొట్టాల్సిందే. ఊ కొట్టే మనిషి లేకుండా కథ చెబితే ఆ కథ తిరిగివచ్చి చెప్పినవాళ్ల మీదే పడుతుందని అనేది. వేసవి రాత్రుళ్లు పెరట్లో నులక మంచాల మీద నలుగురు పిల్లలం వరసగా పడుకునేవాళ్లం. ఒక్కొక్కరి ఊ సన్నగిల్లి, ఆఖరి ఊ కూడా ఆగిపోయాక నాయనమ్మ కథ ఆపేది. మర్నాడు రాత్రి సరిగ్గా అక్కడి నుంచే అందుకునేది. ఎక్కడ ఆపిందో మాకు గుర్తుండేది కాదు గానీ ఆమెకు గుర్తుండేది.

రాజుల కథలు, రాక్షసుల కథలు, ఏడు చేపల కథ, అన్నీ వచ్చు ఆమెకు. అయినా మేము పట్టుబట్టి చెప్పించుకున్నది ఒకటే. రంగం నుంచి నడిచివచ్చిన కథ.

రంగం అంటే రంగూన్. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెల్లో మా తాతల తరం వాళ్లకు రంగం అనే మాట ఎంత దగ్గరిదో మాటల్లో చెప్పడం కష్టం. నాలుగు రోజులు వాన ముఖం చాటేసినా, అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నా, ఇంట్లో మాట పట్టింపు వచ్చినా మగవాళ్లు కళింగపట్నం రేవుకో విశాఖపట్నం రేవుకో వెళ్లి రంగం ఓడ ఎక్కేసేవారు. మేస్త్రీ ముందుగా ఇచ్చిన డబ్బు తీరేదాకా రేవుల్లో మూటలు మోసేవారు, బియ్యపు మిల్లుల్లో పనిచేసేవారు, రిక్షాలు లాగేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు మన తెలుగువాళ్లందరినీ కొరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. మా తాత అక్కడ ఒక బియ్యపు మిల్లులో పనిచేసేవాడు. పెళ్లయ్యాక నాయనమ్మ కూడా ఆ ఓడే ఎక్కింది. మా నాన్న పుట్టింది అక్కడే. 1941 డిసెంబరు నాటికి ఆయనకు ఏడేళ్లు నిండాయి. ఆయన తర్వాత ఒక చెల్లెలు, నాలుగేళ్లది.

కథ చెప్పడానికి ముందు నాయనమ్మ తన లక్క పెట్టె తెచ్చుకునేది. అది బర్మా పెట్టె. సన్నటి వెదురు పేళ్లతో అల్లి, పైన నల్లటి లక్క పూత వేసి, ఆ పూత మీద ఎర్రగా, పసుపుగా తీగలు, ఆకులు సన్నగా చెక్కినది. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. అక్కడివాళ్లు తాంబూలం దాచుకునే పెట్టెలు అవి. నాయనమ్మ దాని అడుగున వక్కలు, సున్నపుకాయ, వాటి మీద గుడ్డలో కట్టిన చింతపిక్కలు పెట్టుకునేది. పెట్టెకు మూత లేదు. పాత చీర ముక్క కప్పి దారంతో కట్టేది. చిన్నప్పుడు మూత ఏదని ఒకసారి అడిగాను. పోయిందని చెప్పింది. పెట్టెలకు మూతలు పోవడం వింత కాదు కదా, మళ్లీ అడగలేదు.

గుడ్డ విప్పి చింతపిక్కలు ఒక్కొక్కటే నేల మీద పేర్చుకుంటూ పోయేది. ఒక్కో పిక్క ఒక్కో మజిలీ.

మొదటి పిక్క రంగం. 1941 డిసెంబరు 23న పగటి పూట జపాన్ విమానాలు వచ్చాయి. ఆకాశంలో వెండి పిట్టల్లా బారులు తీరి వస్తుంటే జనం భయపడి దాక్కోలేదు, వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూశారు. బాంబంటే ఏమిటో ఎవరు చూశారు గనుక? ఆ చూస్తున్నవాళ్ల మీదే పడ్డాయి. రెండు రోజులు తిరగకుండా, క్రిస్మస్ నాడు, మళ్లీ వచ్చాయి. మిల్లు సైరను, రేవులో ఓడ కూత, వీధిలో పాలవాడి కేక, ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోయి ఊరు మూగబోయిందని నాయనమ్మ అనేది. పేలుడు చప్పుడు గురించి ఆమె ఎప్పుడూ పెద్దగా చెప్పలేదు. ఆ తర్వాతి నిశ్శబ్దం గురించే చెప్పేది.

రెండో పిక్క ప్రోం అనే ఊరి దారి. మూటా ముల్లే సర్దుకుని కొంత దూరం పోయాక, రేవులో పని ఆగిపోతుంది, అంతా సర్దుకుంది, తిరిగి రండని నచ్చజెప్పి కొందరిని వెనక్కి మళ్లించారట. మళ్లినవాళ్లలో మా తాత కుటుంబం ఒకటి. ఆ మళ్లడం వల్లే ఆలస్యమయింది. ఓడలు డబ్బున్నవాళ్లకు దొరికాయి. ఫిబ్రవరిలో రంగూన్ ఖాళీ చేయమన్నప్పుడు వీళ్లు రైలు కప్పు మీద కూర్చుని మాండలే చేరారు. మార్చి 8న రంగూన్ జపాన్ వశమయింది. మాండలే శిబిరంలో కలరా. అక్కడి నుంచి మోనివా, మోనివా నుంచి చింద్విన్ నది మీద పడవలో కలేవా. కలేవా దాటాక ఇక పడవ లేదు, బండి లేదు. కబావ్ లోయలో, అడవిలో, దోమల్లో తాము అనే ఊరి దాకా నడక. తాము దగ్గర ఒక పిక్క. ఆ తర్వాత కొండలెక్కి దిగితే మణిపూర్‌లోని పాలేల్. అక్కడ ఇంకో పిక్క.

ఈ రెండు పిక్కల మధ్య నాయనమ్మ ఎప్పుడూ జానెడు ఖాళీ వదిలేది. మిగతా పిక్కలన్నీ రెండేసి వేళ్ల దూరంలో ఉండేవి. మేము పిల్లలం, కొండలు కదా అందుకే దూరం అనుకునేవాళ్లం.

పాలేల్ నుంచి లారీ. ఆ దారిలో అస్సాం తేయాకు తోటలవాళ్లు నడిపిన శిబిరాల్లో నాయనమ్మ జీవితంలో మొదటిసారి టీ తాగింది. ఆ డబ్బా కప్పు వేడికి అరచేతులు కాలుతున్నా కింద పెట్టలేదని, పెడితే మళ్లీ ఎవరు ఇస్తారోనని పట్టుకునే ఉన్నానని చెబుతూ అరచేతులు మాకు చూపించేది. అక్కడా తెల్లవాళ్లకు ఒక దారి, మనవాళ్లకు ఒక దారి. ఈ వివక్షను ఆ ఏడాది అలహాబాదులో సమావేశమైన కాంగ్రెస్ ఖండించిందని నేను పెద్దయ్యాక చదివాను. అది చదివేసరికి నాకు తెలిసిన విషయమే అనిపించింది. నాయనమ్మకు సమావేశాల సంగతి తెలియదు గానీ, మంచి నీళ్ల తొట్టి ఏ వైపున ఉండేదో తెలుసు. ఆ తర్వాత దిమాపూర్, అప్పట్లో ఆ స్టేషను పేరు మణిపూర్ రోడ్. అక్కడి నుంచి రైళ్లు మారుకుంటూ కలకత్తా, ఆఖరికి మన ఊరు.

అలా నడిచి బయలుదేరినవాళ్లు నాలుగైదు లక్షల మంది. దారిలో పోయినవాళ్ల గురించిన అంచనాలు పది వేల నుంచి లక్ష దాకా ఉన్నాయి. అంత తేడా ఉందంటేనే అర్థమవుతుంది, కూలివాళ్ల చావులను ఎవరూ కూర్చుని రాసుకోలేదని. నా చదువంతటిలో ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ నడక గురించి ఒక్క పేరా చదవలేదు. ఈ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఇలాంటి నాయనమ్మలు ఉండేవారో, ఎన్ని కథలు ఊ కొట్టేవాళ్లు లేక అలాగే పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఊరికి చేరాక సంగతి నాన్న చెప్పగా విన్నాను. వీళ్లు వచ్చేసరికి ఊరు విశాఖపట్నం నుంచి పారిపోయి వచ్చిన బంధువులతో నిండిపోయి ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఎవరి నోట విన్నా ఆ కబుర్లే. రంగం నుంచి వచ్చినవాళ్లంటే అప్పటిదాకా ఊళ్లో ఒక లెక్క ఉండేది. పట్టు లుంగీ, ఇనుప పెట్టె, ఆడవాళ్లకు బంగారం. అందరూ వీళ్ల చేతుల వంక చూశారు. ఏం తెచ్చారని అడిగినవాళ్లే గానీ ఎలా వచ్చారని అడిగినవాళ్లు లేరు. నాయనమ్మ చేతిలో ఉన్నది మూత లేని లక్క పెట్టె ఒక్కటే.

రెండేళ్లు ఆమె సరిగా మాట్లాడలేదట. వండేది, పెట్టేది, పిలిస్తే పలికేది. రాత్రుళ్లు లేచి, చీకట్లో తడుముకుంటూ వచ్చి నాన్న ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదట. నాన్న మెలకువగానే ఉండి నిద్ర నటించేవాడు. తను మేలుకుని ఉన్నట్టు తెలిస్తే అమ్మ సిగ్గుపడుతుందని ఆ పసివాడికి ఎలా తెలిసిందో మరి.

ఆమె నోరు తెరిపించింది పక్కింటి ముసలమ్మ, అదీ వడ్లు దంచేటప్పుడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకే రోట్లో ఒకరి తర్వాత ఒకరు రోకలి వేస్తూ దంచడం చూసినవాళ్లకు తెలుస్తుంది. ఒక రోకలి లేస్తుంటే ఇంకొకటి పడుతుంది. ప్రతి పోటుకూ గుండెలోంచి ఒక ఊ వస్తుంది. చేతులకు పని ఉంటుంది, కళ్లు రోటిలో ఉంటాయి, ఎదుటి మనిషి ముఖం చూడనక్కర్లేదు. ఆ ముసలమ్మ "రంగంలో వడ్లు ఎవరు దంచేవారే?" అని అడిగిందట. "మిల్లే దంచేది పెద్దమ్మా" అంది నాయనమ్మ. ఆ ఒక్క మాటకు ఒక పోటు, ఒక ఊ. మర్నాడు ఇంకో మాట. అలా ఆ ఏడాది పంట ఇంట్లో దంచడం పూర్తయ్యేసరికి నాయనమ్మ రంగం నుంచి మాండలే దాకా వచ్చేసింది.

ఆ తర్వాత చెరువు గట్టు మీద, నాట్ల దగ్గర, పురుటి ఇళ్లలో రాత్రి జాగారాల్లో చెప్పింది. చెప్పగా చెప్పగా కథకు ఒక నడక కుదిరింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో తెలిసింది. కలేవాలో బురదలో కూరుకుపోయిన ఏనుగు కథ, కొండ మీద ఒక ముసలామె భాష తెలియకుండానే చెయ్యి పట్టుకుని ఉడికించిన దుంప పెట్టిన కథ, ఇవి మొదట్లో లేవట, తర్వాత వచ్చి చేరాయని నాన్న అనేవాడు. లేనివి కల్పించిందని కాదు. మొదట్లో ఆమెకు భయం ఒక్కటే గుర్తుండేది, దుంప పెట్టిన చెయ్యి తర్వాత గుర్తొచ్చింది. నాకు అర్థమైనంతలో ఆమె కోలుకోవడమంటే అదే. ఆ దారిలో తను ఈడ్చుకుపోబడిన మనిషిగా కాక, దారి చూపించే మనిషిగా ఆమె మళ్లీ మళ్లీ నడిచింది.

నాన్న మాత్రం పక్కన కూర్చుంటే సరిదిద్దకుండా ఉండలేకపోయేవాడు. "అది మోనివాలో కాదమ్మా, మాండలేలో" అనేవాడు. "నడిచింది నేను" అని నాయనమ్మ ఒక్క మాటతో నోరు మూయించేది. "నేనూ నడిచాను కదమ్మా" అని ఆయన గొణిగేవాడు.

తాత ఎప్పుడూ చెప్పలేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులను కూడా కళ్లారా చూసిన మనిషి ఆయన. నాయనమ్మ పెట్టె గుడ్డ విప్పగానే చుట్ట వెలిగించుకుని లేచి దడి అవతలికి పోయేవాడు. కానీ దూరం పోయేవాడు కాదు. కథ ఉన్నంతసేపూ దడి పక్కన చీకట్లో ఆ చుట్ట ఎర్రటి చివర కనిపిస్తూనే ఉండేది. 1966లో పోయాడు. ఆయనది మౌనం, ఈమెది మాట. ఆయన బాధ తక్కువని గానీ, ఆయనకు చేతకాలేదని గానీ నేను ఎప్పటికీ అనను. ఆయనకు రోటి అవతల నిలబడి అడిగే మనిషి దొరకలేదు, అంతే.

నాన్నకు రైల్వేలో విశాఖపట్నం బదిలీ అయినప్పుడు నాయనమ్మ మాతోనే వచ్చింది. కంచరపాలెం వైపు ఇల్లు. అక్కడికి దగ్గరలోనే బర్మా క్యాంపు. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చి, దుకాణాలు, మిల్లులు ప్రభుత్వం తీసేసుకున్నాక బర్మా నుంచి కట్టుబట్టలతో ఓడల్లో తిరిగివచ్చిన వాళ్లకు ఆశ్రయం ఇచ్చిన చోటు అది. 1974 ఎండాకాలం. నాకు పన్నెండేళ్లు. అరుగు మీద తమ్ముడితో అష్టాచెమ్మా ఆడుతున్నాను. చీరల మూట నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చెంపల మీద గంధం లాంటి పసుపు పూత. నాయనమ్మ లోపలి నుంచి వస్తూ గుమ్మంలో ఆగిపోయింది. ఆ వాసన ఆమెకు తెలుసు. బర్మాలో థనాఖా అనే చెట్టు బెరడును సానరాయి మీద అరగదీసిన పూత అది.

"థమిన్ సా పీ బీ లా?" అంది నాయనమ్మ. అన్నం తిన్నావా అని. ముప్పై రెండేళ్ల తర్వాత ఆ భాష ఆమె నోటి నుంచి వచ్చింది. ఆమె మూట దించకుండానే ఏడ్చేసింది.

పదేళ్ల పిల్లగా ఆమె కూడా ఆ దారినే నడిచిందట. తాముకు ఇవతలే తల్లి పోయింది. యుద్ధం అయ్యాక తండ్రితో మళ్లీ రంగం వెళ్లింది, పెళ్లి చేసుకుంది, మళ్లీ అంతా వదులుకుని వచ్చింది. అన్నం పెట్టాక నాయనమ్మ లక్క పెట్టె తెచ్చింది. పిక్కలు పేర్చడం మొదలుపెట్టింది. ఆమె ఊ కొడుతోంది. అది మా ఊ లాంటిది కాదు. నిద్ర ఊ కాదు, పిల్లల ఊ కాదు. ఒక్కో ఊకు ముందు కాస్త ఆగి, ఆ చోటు చూసి వచ్చినట్టు పలికేది.

తాము పిక్క పెట్టింది నాయనమ్మ. పాలేల్ పిక్క పెట్టడానికి చెయ్యి చాచి, జానెడు అవతల ఆగింది.

"ఇక్కడ?" అంది ఆమె. "పెద్దమ్మా, ఇక్కడ?"

మాలో ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు. మాకు అడగాలని తెలియదు.

నాయనమ్మ చెప్పింది. నీళ్లు లేని కొండ ఎక్కుతుంటే కూతురికి జ్వరం వచ్చిందని. దారిలో ఎక్కడ నీళ్లు దొరికినా ఆ పిల్ల ఈ పెట్టె మూతతోనే తాగేదని, మూత ఎవరికీ ఇచ్చేది కాదని. రెండో రోజు తెల్లవారేసరికి ఒళ్లు చల్లబడిపోయిందని. తవ్వడానికి ఏమీ లేదు, వెనక జనం తోసుకుంటూ వస్తున్నారు, ఎనిమిదేళ్లు రాని కొడుకు నిలబడలేకపోతున్నాడు. చెట్టు కింద పడుకోబెట్టి ఆకులు కప్పారు. "మూత దాని చేతిలోనే ఉంచేశాను అమ్మాయ్. దాహం వేస్తే కావాలి కదా" అంది.

ఆమె ఊ అంది. చాలాసేపటికి.

అప్పుడు నాయనమ్మ నా వైపు తిరిగి చెయ్యి చాచింది. ఏం కావాలో నాకు అర్థమైంది. నా నాలుగు గవ్వల్లో ఒకటి ఇచ్చాను. దాన్ని ఆ ఖాళీలో పెట్టింది.

చాలా ఏళ్ల తర్వాత, జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్తలు యుద్ధాల నుంచి బయటపడ్డవాళ్ల కోసం రూపొందించిన ఒక పద్ధతి గురించి చదివాను. ఉగాండాలో శిబిరాల్లో ఉన్న సూడాన్ శరణార్థులతో కూడా ఆ పద్ధతిలో పనిచేశారు. ముందుగా నేల మీద ఒక తాడు పరుస్తారు. అది ఆ మనిషి జీవితం. పుట్టినప్పటి నుంచి మంచి జరిగిన చోటల్లా ఒక పువ్వు, చెడు జరిగిన చోటల్లా ఒక రాయి పెట్టిస్తారు. ఆ తర్వాత మొదటి నుంచి వరసగా చెప్పిస్తారు, ఏ రాయినీ దాటవేయకుండా. ఎదురుగా ఒకరు కూర్చుని శ్రద్ధగా వింటారు, రాసుకుంటారు, చివరికి ఆ రాసిన కథను ఆ మనిషి చేతికే ఇస్తారు. చదువుతుంటే నా చేతులు వణికాయి. పిక్కలు, గవ్వ, జానెడు ఖాళీ, అన్నీ కళ్ల ముందు మెదిలాయి.

ఆ గవ్వ పెట్టిన రోజు తర్వాత నాయనమ్మ వారానికి రెండు మూడు మధ్యాహ్నాలు బర్మా క్యాంపుకు వెళ్లేది. పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లేది. కొబ్బరిపాలు పోసిన వాళ్ల వంట వాసనతో, చీర కొంగులో ఇంకొన్ని పిక్కలు కట్టుకుని వచ్చేది, ఎవరెవరి మజిలీలో అవి. రాత్రి లేచి ఊపిరి చూసుకోవడం ఆమెకు పూర్తిగా పోలేదు. కానీ అప్పటి నుంచి దీపం వేసుకుని వచ్చి చూసేది, తడుముకుంటూ కాదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. చీరల మూట ఆమె వెళ్లిపోయాక నాయనమ్మ పిక్కలు తీయలేదు, అలాగే గోడకు ఆనుకుని కూర్చుంది. నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. అన్నం కంచం తీసుకురానా అని అమ్మ అడుగుతోంది. ఆయన నేల మీద చూపు నిలిపి నిలబడ్డాడు. చింతపిక్కల వరసను మొదటి నుంచి చూస్తూ వచ్చి గవ్వ దగ్గర ఆగాడు. ఆ చెల్లెలి గురించి ఆయన నోట మేము ఒక్క మాట వినలేదు, అలాంటి మనిషి ఒకరు ఉండేవారని ఆ మధ్యాహ్నం దాకా మాకు తెలియనే తెలియదు.

బూట్లు విప్పి పక్కన పెట్టి, నాయనమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చూపుడు వేలితో గవ్వను పాలేల్ వైపుకు కొద్దిగా జరిపాడు.

"ఇంకా ఇటు అమ్మా" అన్నాడు. "ఎండిన వాగు దాటాక. మద్ది చెట్టు కింద."

నాయనమ్మ ఆ గవ్వ వంక చూసింది. నడిచింది నేను అనలేదు.

"ఊ" అంది.